కొత్త వెర్షన్ మింగేసిన పెళ్లి

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, వీధి, ఆమె వాడే సాఫ్ట్‌వేర్ పేరు తీసేసి మిగతాది క్లుప్తంగా చెబుతాను.

ఆమెకు ముప్ఫై నాలుగేళ్లు. భర్తకు బస్టాండు దగ్గర ఫొటో స్టూడియో ఉంది. కెమెరా పని ఆయనది, తీసిన వీడియోలను కత్తిరించి కూర్చే మిక్సింగ్ ఈమెది. మొదట్లో మిక్సింగ్‌కి శ్రీకాకుళం పంపేవారు. బాబును బడిలో వేశాక ఖాళీ వేళల్లో యూట్యూబ్ చూసి ఈమె నేర్చుకున్నారు. ఆరేళ్లుగా ఊళ్లోను, పక్కన కాశీనగర్‌లోను, సరిహద్దు దాటి పాతపట్నంలోను వాళ్లు తీసిన పెళ్లిళ్లన్నీ ఈమె చేతి మీదుగానే వెళ్లాయి. తెలుగువాళ్ల పెళ్లికి తెలుగు టైటిల్స్, ఒడియావాళ్ల పెళ్లికి ఒడియా టైటిల్స్. స్టూడియో బోర్డు మీద మాత్రం భర్త పేరొక్కటే ఉంది.

మార్గశిరంలో తీసిన ఒక పెళ్లికి పుష్యమాసంలో మిక్సింగ్‌కి కూర్చున్నారు. మూడు కెమెరాల రషెస్ (ఇంకా కత్తిరించని అసలు వీడియోలు), పదకొండు రాత్రుల పని. దాదాపు అయిపోవచ్చింది. పండక్కి విశాఖపట్నం నుంచి మరిది వచ్చాడు. కంప్యూటర్లు బాగా తెలిసిన కుర్రాడు. "కొత్త వెర్షన్ వచ్చింది వదినా, ఏఐతో కటింగ్ దానంతట అదే చేసేస్తుంది, నువ్విలా రాత్రుళ్లు మేలుకోనక్కర్లేదు" అంటూ, కనుమ రోజు ఈమె వంటింట్లో గారెలు వేస్తుండగా అప్‌డేట్ చేసేశాడు. ప్రాజెక్టు తెరవగానే "కొత్త ఫార్మాట్‌లోకి మార్చమంటారా" అని అడిగితే సరేనని నొక్కాడు.

మర్నాటి నుంచి కష్టాలు మొదలయ్యాయి. పురోహితుడి పెదవులు ఒకచోట, మంత్రం ఒకచోట. మూడుముళ్లు పడే సమయానికి సన్నాయి మేళం ముందే మోగి ఆగిపోయింది. "శ్రీరస్తు" కాస్తా "శ్‌రీరస్తు" అయింది, "కల్యాణం" కాస్తా "కల్‌యాణం" అయింది. అవుట్‌పుట్ తీద్దామంటే ప్రతిసారీ 42 శాతం దగ్గర ఆగి మూసుకుపోతోంది. పాత వెర్షన్ మళ్లీ ఎక్కిస్తే "ఇది కొత్త వెర్షన్‌లో తయారైన ప్రాజెక్టు, తెరవడం కుదరదు" అంది. కంపెనీకి మూడుసార్లు రాస్తే మూడుసార్లూ ఒకే జవాబు: క్యాష్ ఖాళీ చేయండి, గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయండి, మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

పెళ్లికూతురి తండ్రి స్టూడియోకి వచ్చి నలుగురి ముందు అరిచి వెళ్లారు. ఫిబ్రవరి చివర అమ్మాయి, అల్లుడు దుబాయ్ వెళ్లిపోతారట. మాట్లాడుకున్న 45,000 రూపాయల్లో 20,000 ముందు ఇచ్చారు, మిగతాది ఇవ్వనంటున్నారు. మాఘంలో ఇంకో ఏడు పెళ్లిళ్లు ఒప్పుకుని ఉన్నారు. ఇవన్నీ ఒక ఎత్తు, భర్త అన్న మాట ఒక ఎత్తు: "నువ్వే ఏదో నొక్కి ఉంటావు." ఆ రోజు నుంచి నిద్ర పట్టడం లేదు, రాత్రి రెండింటికి లేచి కంపెనీకి తిట్లు రాస్తున్నానని చెప్పారు. వచ్చే ఆదివారం మరిది వచ్చి కంప్యూటర్ మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా ఎక్కిస్తానన్నాడట. పక్క షాపు అబ్బాయి పాత వెర్షన్ క్రాక్ చేసింది (డబ్బు కట్టకుండా దొంగతనంగా వాడేది) పెన్‌డ్రైవ్‌లో ఇస్తానంటున్నాడు. "కంపెనీ మీద కేసు పెట్టాలా, క్రాక్ వేసుకోవాలా, అసలు ఈ పనే మానేయాలా? తప్పు నిజంగా నాదేనా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా,

మీ ఉత్తరం అందిన రోజే ఒక్క ముక్క విడిగా రాసి పంపాను. అది మీలాంటి వాళ్లు ఇంకొందరికీ పనికొస్తుందని ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. ఆదివారం ఫార్మాట్ ఆపించండి. పోయిందనుకుంటున్న పని అందులోనే ఎక్కడో ఉండే అవకాశం చాలా ఉంది. మిక్సింగ్ సాఫ్ట్‌వేర్లలో చాలా వాటికి కొన్ని నిమిషాలకోసారి ప్రాజెక్టును దానంతట అదే దాచిపెట్టే అలవాటు ఉంటుంది. ఆ ఆటోసేవ్ ఫోల్డర్ మీ ప్రాజెక్టు పక్కనో, డాక్యుమెంట్స్‌లోనో ఉంటుంది. దాన్ని తెరిచి తేదీల వారీగా పేర్చి చూడండి. కనుమ కంటే ముందు తేదీ ఉన్న ఫైలు ఒక్కటి దొరికినా చాలు, దాన్ని ఇంకోచోటికి కాపీ చేసుకుని ఆ కాపీని పాత వెర్షన్‌లో తెరవండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫార్మాట్ మార్చేటప్పుడు పాత ఫైలును ముట్టుకోకుండా పేరు చివర ఒక అంకె తగిలించి కొత్తది చేస్తాయి. అదీ వెతకండి.

అక్కడా దొరక్కపోతే ఇంకో దారి ఉంది. కొత్త వెర్షన్‌లోనే ప్రాజెక్టు తెరిచి, టైమ్‌లైన్‌ను ఎక్స్ఎంఎల్‌గా, అంటే ఏ ముక్క ఎక్కడ కట్ చేశారో రాసి ఉండే ఫైలుగా, బయటికి తీయండి. దాన్ని పాత వెర్షన్‌లోకి దించుకుంటే కటింగులు చాలావరకు వస్తాయి. రంగులు, ఎఫెక్టులు, టైటిల్స్ పోతాయి. అంటే పదకొండు రాత్రుల పనిలో మూడు నాలుగు రాత్రులది మళ్లీ చేయాలి. ఏడుపొచ్చే మాటే, కానీ పదకొండూ పోవడం కంటే మేలు. ఈలోగా రషెస్ ఉన్న హార్డ్ డిస్క్‌కి ఇంకో కాపీ తీయించండి. మెమరీ కార్డులు మాఘం పెళ్లిళ్లకి వాడేద్దామని మీవారు ఫార్మాట్ చేయకముందే తీయించండి.

ఇక తప్పు సంగతి. "ఏదో నొక్కి ఉంటావు" అన్న మాట నాకు కొత్త కాదు. బరంపురంలో ఒక ప్రెస్సులో పద్నాలుగేళ్లు డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే పని, చేశాను. తెలుగు శుభలేఖ అయితే అను ఫాంట్లు, ఒడియాదైతే ఆకృతి ఫాంట్లు. మెషిన్ ఆగితే ఓనరు మొదట నా వేళ్లకేసే చూసేవాడు. ఒకసారి ఐదువందల శుభలేఖల్లో వరుడి ఇంటిపేరుకి వత్తు ఎగిరిపోయింది. నేను కొట్టింది సరిగ్గానే ఉంది, ప్రూఫ్ కాగితం కూడా నా దగ్గరే ఉంది. కొత్తగా ఎక్కించిన వెర్షన్ ప్రింటుకి పంపేటప్పుడు దాన్ని తినేసింది. ప్రూఫ్ చూపించాక కూడా ఓనరు "ఏమో, నువ్వు సరిగ్గా చూసుకోవలసింది" అన్నాడు. మెషిన్ని తిట్టలేక మనిషిని తిట్టడం మనవాళ్లకి తేలిక.

పండని కాయను కోసి గంపకెత్తడం సాఫ్ట్‌వేర్ కంపెనీలకు అలవాటే, పేరున్నవీ అందుకు మినహాయింపు కాదు. 2011 జూన్‌లో ఆపిల్ ఫైనల్ కట్ ప్రో టెన్ అని కొత్తది తెచ్చింది. సినిమావాళ్లూ టీవీవాళ్లూ వాడే సాఫ్ట్‌వేర్ అది. పాత వెర్షన్‌లో చేసుకున్న ప్రాజెక్టులు అందులో తెరుచుకోలేదు. ఒకే దృశ్యాన్ని మూడు నాలుగు కెమెరాల నుంచి చూస్తూ కట్ చేసే మల్టీకామ్ సదుపాయం, అంటే మీ పెళ్లిళ్లకి రోజూ కావలసిందే, అసలు లేదు. అది 2012 జనవరిలో గానీ రాలేదు. ఏడు నెలలు! పైగా కొత్తది వచ్చిన రోజే పాతదాని అమ్మకం ఆపేశారు. 2015 అక్టోబర్‌లో అడోబీ కంపెనీ ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ కొత్త వెర్షన్ ఫొటోగ్రాఫర్ల కంప్యూటర్ల మీద వరసగా క్రాష్ అయితే, తప్పు మాదేనని కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పి, మార్చేసిన ఇంపోర్ట్ పద్ధతిని వెనక్కి తెచ్చింది. 2020 ఆగస్టులో అదే లైట్‌రూమ్ ఐఫోన్ యాప్ అప్‌డేట్ ఒకటి, అప్పటికి క్లౌడ్‌లోకి చేరని జనాల ఫొటోలను, సెట్టింగులను చెరిపేసింది. అవి తిరిగి రావని కంపెనీయే చెప్పింది. వాళ్లంతా ఏదో నొక్కినవాళ్లేనా?

ఎందుకిలా పచ్చిగా వదులుతారంటే, విడుదల తేదీ ముందే ప్రకటించేస్తారు. పోటీ కంపెనీ ఏఐ అందంటే వీళ్లూ అనాలి. ఒకప్పుడు సీడీ అచ్చయ్యాక దిద్దే వీలు లేదు కాబట్టి కాస్త ఆగేవారు. ఇప్పుడు ముందు వదిలి, తర్వాత ఇంటర్నెట్‌లో అతుకులు వేయవచ్చన్న ధీమా. పరీక్షించేవాళ్ల దగ్గర పెద్ద మెషిన్లు ఉంటాయి, మీ దగ్గర ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరు, మూడు రకాల కెమెరాలు, సన్నాయి విడిగా రికార్డు చేసిన ఒక సెల్‌ఫోను. సెల్‌ఫోన్ రికార్డింగుల్లో సెకనుకి ఇన్ని ఫ్రేములన్న లెక్క నిలకడగా ఉండదు. పాత వెర్షన్ ఏదోలా సర్దుకుపోయింది, కొత్తదానికి చేత కాలేదు. పెదవులకీ మంత్రానికీ పొంతన తప్పడానికి కారణం అదే అయి ఉండొచ్చు. చూసుకోండి.

అక్షరాల సంగతి మరీ దగ్గరగా చూడాలి. ఇంగ్లీషులో ఒక అక్షరం తర్వాత ఒకటి పేర్చేస్తే పని అయిపోతుంది. తెలుగులో "శ్రీ" కంప్యూటరుకి నాలుగు ముక్కలుగా వెళ్తుంది: శ, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆ నాలుగింటినీ కలిపి రావత్తును ఎక్కడ తిప్పాలో, గుడిని ఏ నెత్తిన పెట్టాలో చెప్పే పని సాఫ్ట్‌వేర్‌లో ఒక ప్రత్యేక భాగానిది. కొత్త వెర్షన్‌లో టైటిల్ పెట్టెను తిరగరాసినప్పుడు ఆ భాగాన్ని తగిలించడం మర్చిపోయారంటే వచ్చేది మీరు చూసిన "శ్‌రీ"నే. పొల్లు పొల్లుగానే నిలబడిపోతుంది. ఒడియాకూ ఇదే గతి, మీ ఒడియా టైటిల్స్ కూడా విరిగాయని మీరే రాశారు. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? "జ్ఞా" లాంటి ఒక తెలుగు కూర్పు మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి దిద్దారు. అంత పెద్ద కంపెనీకే మన వత్తు కొరుకుడు పడలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు బడి పాఠాలు చెప్పిన ఊరు మీది. ఆ ఊళ్లో కూర్చుని "శ్రీ" సరిగ్గా పడలేదని మీరు బాధపడితే అది చాదస్తం ఎంతమాత్రం కాదు.

అయితే ఇందులో మీ వాటా కూడా కొంచెం ఉందమ్మా, దాచను. పదకొండు రాత్రుల పని ఒకే కంప్యూటర్లో, ఒకే ఫైలుగా ఉంచారు. అది నేరం కాదు గానీ పొరపాటు. మరిదిది ఇంకొంచెం పెద్ద పొరపాటు, సగంలో ఉన్న పని మీద అప్‌డేట్ వేయడం. పచ్చి సరుకును పండిందని అమ్మిన కంపెనీది అన్నిటికంటే పెద్దది. మీవారు ఈ వరసను తిరగేసి మీ దగ్గర మొదలుపెట్టి మీ దగ్గరే ఆపేశారు.

పెళ్లికూతురి తండ్రి విషయం ముందు తేల్చుకోండి, ఎందుకంటే దానికే గడువు ఉంది. మీరు చెయ్యగలిగినవి రెండు మూడు కనిపిస్తున్నాయి. ఒకటి, ఉన్నది ఉన్నట్టు చెప్పి కొత్త తేదీ ఇవ్వడం. "మీ పెళ్లి రషెస్ భద్రంగా ఉన్నాయి, మిక్సింగ్ పాడైంది, ఫలానా రోజుకి ఇస్తాం" అని. ఈ మాట ఫోన్లో కాకుండా వాళ్లింటికి వెళ్లి చెప్పాలి, మీరిద్దరూ కలిసి వెళ్లాలి. వెళ్లేటప్పుడు పాత వెర్షన్‌లో ఓ ఐదారు నిమిషాల ముక్క, జీలకర్ర బెల్లం నుంచి మూడుముళ్ల దాకా, సరిగ్గా చేసి పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లండి. ఆయన కోపమంతా వీడియో ఆలస్యమైందని కాదు, కూతురి పెళ్లి మళ్లీ కనపడదేమోనన్న భయం. టీవీలో పెట్టి ఆ ముక్క చూపిస్తే సగం మంట అక్కడే ఆరుతుంది. కాకపోతే కొత్త తేదీ ఇచ్చాక అది తప్పకూడదు. రెండోసారి తప్పితే పాతపట్నం దాకా పాకుతుంది.

ఇంకో దారి, ఈ ఒక్క పెళ్లిని శ్రీకాకుళంలోనో బరంపురంలోనో వేరేవాళ్లకిచ్చి చేయించడం. మీకు మిగిలేది తగ్గిపోతుంది, బహుశా ఏమీ మిగలదు కూడా. కానీ మాఘం ఏడు పెళ్లిళ్లకి మీ చేతులు ఖాళీ అవుతాయి. నేనైతే ఆటోసేవ్ దొరికితే మొదటిది, దొరక్కపోతే రెండోది ఎంచుకుంటాను. మిగతా 25,000 మొత్తం కావాలని పట్టుబట్టకండి, కొంత తగ్గించుకోండి. అలాగని పూర్తిగా వదిలేస్తాననీ అనకండి, అలా అంటే తప్పంతా ఒప్పుకున్నట్టే ఊళ్లో చెప్పుకుంటారు. రషెస్ ఇచ్చేయండి, మేమే ఎక్కడో చేయించుకుంటాం అని ఆయన అంటే ఇచ్చేయండి, కాపీ మీ దగ్గర ఉంచుకుని.

కంపెనీ మీద కేసు మాట. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పరుగెత్తక్కర్లేదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల వరకు గడువు ఉంది. కానీ చిక్కులూ ఉన్నాయి. వ్యాపారం కోసం కొన్నవాళ్లు ఆ చట్టం కింద వినియోగదారులు కారు. సొంత బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా వాడుకునే వస్తువుకి మాత్రం మినహాయింపు ఉంది. మీ స్టూడియో ఆ లెక్కలోకే వస్తుందనుకోండి, అప్పుడు నెలవారీ చందా కట్టి వాడే సాఫ్ట్‌వేర్ వస్తువా, సేవా అన్న వాదన కంపెనీ లాయరు తప్పకుండా తీస్తాడు. మీరు చదవకుండా "అంగీకరిస్తున్నాను" నొక్కిన ఒప్పందంలో, ఏం జరిగినా మా బాధ్యత ఇంతవరకేనన్న ముక్క ఉంటుంది. మరిది ఎక్కించింది "బీటా" అని రాసి ఉన్న వెర్షనేమో కూడా చూడండి. బీటా అంటే ఇంకా పరీక్షలో ఉంది, మీరే పరీక్షించండి అని అర్థం. అదే అయితే కేసు మొదటి వాయిదాకే నీరుగారిపోతుంది.

కాబట్టి పోయిన పరువుకి, పోయిన రాత్రులకి నష్టపరిహారం కోసం తిరిగితే అలసట తప్ప చేతికొచ్చేది తక్కువ. పాడైన నెలల చందా డబ్బు వెనక్కి అడగడం మాత్రం న్యాయమైన కోరిక. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఖర్చు లేదు, వాళ్లే కంపెనీకి పంపుతారు. బిల్లు ఎవరి పేరున ఉందో వాళ్ల పేరుతోనే చేయాలి, మీ ఇంట్లో అది మీవారి పేరే అయి ఉంటుంది.

రాత్రి రెండింటి ఉత్తరాలు ఆపండి. చందా కట్టేదాకా ఓడ మల్లయ్య, కట్టాక బోడి మల్లయ్య, అక్కడ మీ కోపం చదివే మనిషే లేడు. పగలు అరగంట కూర్చుని ఒక్కటే రాయండి: పాత వెర్షన్ నంబరు, కొత్త వెర్షన్ నంబరు, విండోస్ ఏది, ఏం చేస్తే ఏం జరిగింది వరసగా, 42 శాతం దగ్గర వచ్చిన తెర ఫొటో, "శ్రీరస్తు" విరిగిన ఫొటో. పది సెకన్ల వీడియో, ఒక్క తెలుగు టైటిల్ ఉన్న చిన్న ప్రాజెక్టు చేసి జత చేయండి. తెలుగు రాని ఇంజనీరు కూడా దాన్ని తెరిస్తే తప్పు కళ్లారా చూస్తాడు. ఇలాంటి ఫిర్యాదుకి జవాబు వస్తుందని హామీ ఇవ్వలేను, తిట్టుకి మాత్రం రాదు.

పక్క షాపు పెన్‌డ్రైవ్ తీసుకోవద్దు. సుద్దులు చెప్పడానికి కాదు. ఆ క్రాకుల్లో వచ్చే వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసి డబ్బు అడిగితే ఏడు పెళ్లిళ్లూ ఒకేసారి పోతాయి. చట్టం వైపు చూసినా, నకిలీ అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రాం వాడితే కాపీరైట్ చట్టం 63బీ సెక్షన్ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి రెండు లక్షల వరకు జరిమానా ఉంది. పైగా క్రాక్ వేసుకున్నాక కంపెనీని నిలదీసే నోరు మీకుండదు. అసలు మీకు క్రాక్ అవసరమే లేదు. చందా కట్టేవాళ్లకి పాత వెర్షన్ దించుకునే వీలు సాధారణంగా అదే ఖాతాలో ఉంటుంది, మీరు ఒకసారి ఎక్కించారు కూడా. దానిలోనే ఉండండి. ఆటో అప్‌డేట్ ఆపేయండి.

వేరే సాఫ్ట్‌వేర్‌కి మారదామా అంటారేమో. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ ఉంది, కేడెన్‌లైవ్, షాట్‌కట్ లాంటివి పూర్తిగా ఉచితం. రిజాల్వ్ గట్టిది, కానీ మీ ఎనిమిది జీబీ మెషిన్ మీద ఆయాసపడుతుంది, మంచి గ్రాఫిక్స్ కార్డు అడుగుతుంది. మిగతా రెండూ తేలిక, మీ పనికి సరిపోతాయో లేదో చేసి చూడాలి. ఏదైనా సరే, మాఘం పెళ్లిళ్లు నెత్తిన పెట్టుకుని నేర్చుకోవడం మహేంద్రతనయలో వరదొచ్చినప్పుడు ఈత నేర్చుకున్నట్టే. ఆషాఢంలో ముహూర్తాలుండవు కదా, అప్పుడు పాత రషెస్‌తో ఆడుకోండి.

టైటిల్స్‌కి మాత్రం ఇప్పుడే ఒక ఉపాయం. తెలుగు, ఒడియా అక్షరాలను అసలు మిక్సింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టకండి. అవి సరిగ్గా పడే చోట, ఆల్బమ్ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌లోనో మరోచోటో, తయారుచేసి వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మలుగా దాచుకోండి. "శ్రీరస్తు శుభమస్తు", "కల్యాణ వైభోగం" ఒకసారి చేసుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి, పేర్లు మాత్రం పెళ్లికో కొత్తవి. బొమ్మగా మారాక ఏ వెర్షన్ వచ్చినా ఆ వత్తును కదపలేదు.

మా ప్రెస్సులో పేజీలు కూర్చే పేజీమేకర్ సాఫ్ట్‌వేర్ ఉన్న పాత మెషిన్ని ఇంటర్నెట్ తీగ పీకేసి మూలన పెట్టుకునేవాళ్లం. పేజీమేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత దానికి కొత్త పెద్ద వెర్షనే రాలేదు. అయినా శుభలేఖల సీజన్లో దాని మీదే నడిచింది బండి. కొత్త మెషిన్ పక్కనే ఉండేది, దాని మీద ప్రయోగాలు చేసేవాళ్లం. మీకు రెండో కంప్యూటర్ కొనమని చెప్పడం లేదు. చేతిలో పని సగంలో ఉండగా అప్‌డేట్ వద్దు, పెద్ద వెర్షన్ వస్తే దాని మీద ఒకటి రెండు దిద్దుబాట్లు వచ్చేదాకా ఆగండి, ఎక్కించినా పాతదాన్ని తీసేయకుండా పక్కన ఉంచి, ఒక కాపీ ప్రాజెక్టుతో చూడండి. ఫైళ్లకి మూడు కాపీలు, రెండు వేర్వేరు డిస్కుల మీద, ఒకటి ఇంటి బయట. ఆ మూడోది మీ పుట్టింట్లో బీరువాలో ఉన్నా సరే.

ఇంక ఇంట్లో విషయం. మరిది మీద కోపం పెట్టుకోకండి. వదిన రాత్రుళ్లు మేలుకుంటోందని చూసి చేసిన పని అది, ఇంట్లో ఇంకెవరికీ ఆ సంగతి తట్టలేదు. అతన్నే ఆటోసేవ్ వెతకడానికి కూర్చోబెట్టండి. కాకపోతే ఒక మాట చెప్పండి: "ఈ కంప్యూటర్లో ఏం ఎక్కించాలన్నా నన్నడిగి చెయ్యి బాబూ." ఆ మాట మీరు చెప్పాలి, మీవారి చేత చెప్పించకూడదు.

మీవారితో మాట్లాడ్డానికి కేకలు పనికిరావు, ఊరుకోవడమూ పనికిరాదు. పని మానేస్తానన్నారు కదా, దాన్నీ ఓ దారిగానే చూద్దాం. మానేస్తే మీకు నిద్ర వస్తుంది, నిజమే. మిక్సింగ్ మళ్లీ శ్రీకాకుళం వెళ్తుంది, ఒక్కో పెళ్లికి ఇంత అని కట్టాలి. ఆ లెక్క కాగితం మీద వేయండి, ఆరేళ్లలో మీరు చేసిన పెళ్లిళ్ల సంఖ్యతో గుణించండి. ఆ అంకె ఆయనకి చూపించండి. సాధింపుగా కాదు, పద్దుగా. స్టూడియోలో మీ పని వెల ఎంతో ఆయనెప్పుడూ లెక్క కట్టి ఉండరు, మీరూ కట్టి ఉండరు. చూశాక కూడా ఆయన "నువ్వే నొక్కావు" అనే అంటే, అప్పుడు సమస్య సాఫ్ట్‌వేర్‌ది కాదు, దాని గురించి నాకు మళ్లీ రాయండి. చూసి కాస్త ఆలోచనలో పడితే, పెళ్లికూతురి ఇంటికి ఇద్దరూ కలిసి వెళ్లమన్నాను కదా, అక్కడ "మిక్సింగ్ మా ఆవిడే చేస్తుంది, కంప్యూటర్ మోసం చేసింది" అన్న ఒక్క వాక్యం ఆయన నోటితో అనమనండి. మగవాళ్లకి నాలుగు గోడల మధ్య చెప్పే సారీ కంటే ఇది కష్టం. అందుకే అడగమంటున్నాను.

నాకైతే మీరు పని మానకూడదనే ఉంది, కానీ ఈ సీజన్ అయ్యాక తేల్చుకోండి. నిద్ర లేని కళ్లతో అలాంటివి తేల్చకూడదు.

అన్నట్టు, ఆ పెళ్లి వీడియో చివర పేర్లు వేస్తారు కదా, ఫొటోగ్రఫీ ఫలానా అని. దాని కింద మిక్సింగ్ అని వేసి మీ పేరు వేయండి. మీ పేరులోనూ ఒక వత్తు ఉంది. అవుట్‌పుట్ తీశాక అది సరిగ్గా పడిందో లేదో ఒకసారి చూసుకోండి.